రెండు మిల్లీమీటర్ల మందం

కొత్తగూడ కూడలి దాటి లోపలి రోడ్డులోకి తిరిగాక, ఒక అపార్టుమెంటు గేటు ముందు కొత్తగా స్పీడ్ బ్రేకరు వేశారు. దాని మీద ఇంకా తెల్లగీతలు గియ్యలేదు. రేఖ దాన్ని గమనించేసరికే వ్యాను ముందు చక్రాలు ఎక్కేశాయి. బ్రేకు తొక్కింది గానీ, వెనక చక్రాలు దిగేటప్పుడు కింద ఇనుముకు ఇనుము తగిలి వ్యాను మొత్తం అదిరింది. వెనక చక్రాల కుర్చీలో కూర్చున్న విశ్వేశ్వరరావు గారు "అమ్మా" అని ఒక్కసారి మూలిగి, ఇల్లు చేరేదాకా కుడిచేత్తో కుర్చీ అంచు బిగించి పట్టుకునే ఉన్నారు.

ఆయన భీమవరం వైపు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పక్షవాతంతో ఎడమ వైపు చచ్చుబడ్డాక కూతురు రసజ్ఞ దగ్గరికి వచ్చి ఉంటున్నారు. రేఖ ఆయన్ను మాదాపూర్‌లో ఫిజియోథెరపీకి తీసుకెళ్లి, వచ్చే దారిలో దుర్గం చెరువు గట్టున కాసేపు కూర్చోబెట్టి ఇంటికి చేరుస్తుంది. ఆ కాసేపటి కోసమే ఆయన పొద్దున్నే గడ్డం గీయించుకుని తయారవుతారని రేఖకు తెలుసు.

ఆ రోజు ఆయన్ను దించుతుంటే రసజ్ఞ కిందికి వచ్చింది. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మెడలో ఆఫీసు కార్డు ఇంకా అలాగే ఉంది. తండ్రి ముఖం చూడగానే ఆమెకు విషయం అర్థమైంది.

"నడుం పట్టేసిందా నాన్నా?"

"కొంచెం. పర్వాలేదులే."

రసజ్ఞ రేఖ వైపు తిరిగింది. "మీ తప్పని అనడం లేదండీ. కానీ ఇలా అవడం ఇది మొదటిసారి కాదు. ఇక నాన్నగారు బయటికి వద్దు. ఫిజియో వాళ్లనే ఇంటికి రమ్మంటాను."

విశ్వేశ్వరరావు గారు లిఫ్టు తలుపు కేసి చూస్తూ ఉండిపోయారు. రేఖకు ఆ చూపు చాలా రోజులు గుర్తుండిపోయింది.

"జర నాకు టైమియ్యండి మేడం," అంది రేఖ. "బండిల ఏం మార్చాల్నో చూస్త. మంచిగైతేనే పంపండి."

ఆ వ్యాను నిజానికి రేఖ తన తమ్ముడి కోసం చేయించుకున్నది. అంతకుముందు ఆమె ఐటీ కంపెనీల ఆడవాళ్లను ఇళ్ల నుంచి ఆఫీసులకు తిప్పే క్యాబు నడిపేది. తమ్ముడు దినేశ్ బైకు మీద నుంచి పడి నడుము కింది భాగం పని చేయకుండా పోయాక క్యాబు అమ్మేసి ఈ వ్యాను కొంది. వెనక సీట్లు తీయించి, డిక్కీ వైపు నుంచి కుర్చీ ఎక్కేలా ర్యాంపు పెట్టించింది. పొద్దున మియాపూర్‌లో ఇంటి దగ్గర దినేశ్‌ను ఎక్కించుకుని మైండ్‌స్పేస్ దగ్గర అతని ఆఫీసులో దింపుతుంది. సాయంత్రం మళ్లీ తీసుకొస్తుంది. ఆ మధ్యలో చక్రాల కుర్చీలో ఉన్న వేరేవాళ్లను తిప్పుతుంది. అలా పరిచయమైన వాళ్లలో విశ్వేశ్వరరావు గారు ఒకరు.

మొదట్లో ఆయనకూ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఎవరూ తొయ్యక్కర్లేకుండా ఆయనే నడుపుకోవాలని రసజ్ఞ బ్యాటరీ కుర్చీ కొన్నాక మొదలైంది. ఆ కుర్చీ బరువే ఇద్దరు మనుషులంత. ఆయన భారీ మనిషి. ఆ బరువంతా వెనక చక్రాల మీద పడేసరికి వ్యాను వెనకభాగం కూర్చుండిపోతోంది. ఇక చిన్న గుంత తగిలితే చాలు, స్ప్రింగుకు కుంగడానికి చోటు మిగలక దెబ్బ నేరుగా పైకి వస్తోంది.

మియాపూర్ మెకానిక్ షాకబ్జర్లు మార్చాడు. ఎగిరాక ఊగడం తగ్గింది తప్ప కూర్చుండిపోవడం తగ్గలేదు. స్ప్రింగులు పాతబడి కూలబడ్డాయేమోనని, బాలానగర్‌లో కొత్తవి చేయించుకొమ్మన్నాడు.

బాలానగర్‌లో రాజేందర్ షెడ్డు ఇరుకు సందులో ఉంది. లోపల కొలిమి, లేతు మిషను, నూనె తొట్టి. రాజేందర్ పాత స్ప్రింగును నేల మీద నిలబెట్టి చూశాడు.

"కూలబడ్డది," అన్నాడు. "మంచి స్టీలుతోని చేసిస్త చెల్లె. లారీలకేసే స్టీలు. మళ్ల కూలబడదు."

కొత్త స్ప్రింగులు వేయించాక వ్యాను వెనకభాగం ఎత్తుగా, హుందాగా నిలబడింది. రేఖ సంతోషంగా కొత్తగూడ వెళ్లి, రోడ్డెక్కనని రసజ్ఞకు మాటిచ్చి, సెల్లారులోనే విశ్వేశ్వరరావు గారిని ఎక్కించింది. ఆయన ఎక్కక ముందు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేళ్లు పెట్టి చూసింది. ఎక్కాక మళ్లీ చూసింది. పాత స్ప్రింగులు నాలుగు వేళ్లు దిగేవి. ఇవీ నాలుగు వేళ్లే దిగాయి. ఎత్తు నుంచి దిగాయి, అంతే తేడా.

"అంత మంచి స్టీలు కదా, అయినా అంతే దిగిందా?" అన్నారు విశ్వేశ్వరరావు గారు, ఆశ్చర్యంగా. "మంచి స్టీలంటే గట్టిగా ఉంటుందనుకున్నానే నేను."

"నేను గూడ గదే అనుకున్న సార్."

రేఖ బాలానగర్ వెళ్లి అదే మాట రాజేందర్‌ను అడిగింది. అతను తడుముకోలేదు.

"స్టీలు మంచిదైతే విరగదు, ఏండ్లయినా కూలబడదు. గంతే. బరువు పెడితే ఎంత దిగుతదన్న కాడ ఏ స్టీలైనా ఒక్కటే. గట్టిగ కావాల్నంటే రాడ్డు మందం పెంచాలె."

"మరి గా మాట ముందే చెప్పకపోతివన్నా?"

"నువ్వు కూలబడ్డది తెచ్చినవ్. కూలబడకుండ చేసిచ్చిన."

అందులో తప్పేమీ లేదు. తనకు ఏం కావాలో తనకే తెలియలేదని రేఖకు అనిపించింది.

"ఇప్పుడు రాడ్డు ఎంతుంది?"

"పన్నెండు మిల్లీమీటర్లు."

"రెండు పెంచు."

రాజేందర్ ఆమె కేసి చూశాడు. "గట్టిగుంటది మరి."

"గట్టిగనే కావాలె."

పన్నెండుకు రెండు కలిపితే ఎంతని, ఆరోవంతు పెరుగుతుందేమో అనుకుంది. వేసి చూస్తే విశ్వేశ్వరరావు గారు కుర్చీతో సహా ఎక్కినా రెండు వేళ్లకు మించి దిగలేదు. దాదాపు సగం. రసజ్ఞ తనే ముందు సీట్లో కూర్చుని, గేటు ముందు స్పీడ్ బ్రేకరు మీదుగా రెండుసార్లు తిప్పించి చూసి ఒప్పుకుంది. ఆయన మళ్లీ దుర్గం చెరువు గట్టున కూర్చున్నారు. తీగల వంతెన కింద నీళ్ల అంచున నిలబడ్డ కొంగను చాలాసేపు చూసి, "అది పొద్దుటి నుంచీ అక్కడే ఉందంటావా?" అని అడిగారు. ఆ రోజు రేఖ ఇంటికి పాట పాడుకుంటూ వెళ్లింది.

తమ్ముడి సంగతి ఆమె ఆలోచించలేదు.

దినేశ్ బక్కపలచని మనిషి. అతని కుర్చీ చేత్తో తోసుకునే తేలికైనది. అతను ఎక్కితే కొత్త స్ప్రింగులకు ఎక్కినట్టే తెలియదు. వ్యాను ఖాళీ డబ్బాలా ఎగిరేది. ముందు కూర్చున్న రేఖకు అంతగా తెలిసేది కాదు. ఒకరోజు పొద్దున ర్యాంపు వేయడానికి వెనక్కి వస్తే, దినేశ్ తువ్వాలుతో రెండు మోకాళ్లూ కలిపి కుర్చీకి బిగించి కట్టుకుంటున్నాడు.

"ఏందిరా అది?"

"ఏం లేదక్కా. కాళ్లు ఎగురుతున్నయ్."

కాళ్లలో స్పర్శ లేకపోయినా, ఒంటికి కుదుపు తగిలితే అవి వాటంతటవే బిగుసుకుని తన్నుకుంటాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. బండిలో అలా జరుగుతోందని మాత్రం రేఖకు తెలియదు.

"ఎప్పటికెల్లి?"

దినేశ్ ముడి వేసుకున్నాడు. రేఖ వంగి అతని ప్యాంటు కాలు కొంచెం పైకి లాగింది. కుర్చీ ఇనుప చట్రానికి కొట్టుకుని పిక్క పక్కన చర్మం కమిలి నల్లబడింది. కొన్ని మచ్చలు పాతబడి పసుపురంగుకు తిరిగాయి.

"స్ప్రింగులు మార్చినప్పటి సంది," అంది రేఖ నెమ్మదిగా. "చెప్పలేదేందిరా?"

"చెప్తే నువ్వు పాతవి ఏపిస్తవ్. గా పెద్దాయన మళ్ల ఇంట్ల కూసుంటడు. నాకు నొప్పి తెల్వదు గదక్కా. ఆయనకు తెలుస్తది."

రేఖ ప్యాంటు కాలు మళ్లీ కిందికి దించింది. నొప్పి తెలియని చోట పుండు పడితే మానడానికి నెలలు పడుతుందని దవాఖానలో డాక్టరు ఇద్దరికీ కలిపే చెప్పాడు. ఆ మాట వీడు మరిచిపోయి ఉండడు. ఆమె ఆ రోజు వ్యానును ఎడ్లబండిలా నడిపింది. వెనక నుంచి హారన్లు మోగుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం కొత్తగూడ వెళ్లి, పాత స్ప్రింగులు పెట్టించేస్తున్నానని విశ్వేశ్వరరావు గారికి చెప్పింది. కారణం దాచలేదు. ఆయన విని, కుడిచేత్తో ఎడమ చేతివేళ్లను నిమురుకుంటూ కూర్చున్నారు.

"పెట్టించెయ్యమ్మా. అది నువ్వు నన్ను అడగాల్సిన విషయమే కాదు," అన్నారు. "అతన్ని ఒకసారి తీసుకొస్తావా? ఒకే బండిలో తిరుగుతున్నాం, ఒకరి ముఖం ఒకరం చూడలేదు," అన్నారు.

ఆదివారం రేఖ తమ్ముణ్ణి తీసుకెళ్లింది. ఇద్దరూ బాల్కనీలో ఎదురెదురుగా కుర్చీలు ఆపుకున్నారు. దినేశ్ బిడియపడ్డాడు. పెద్దాయన కూడా ముందు ఏం మాట్లాడాలో తోచక, రసజ్ఞ చేత తెప్పించి ఉంచిన ఇనుప తీగల చుట్టలు చూపించారు. ఒకటి సన్నది, ఒకటి లావుది.

"రెండు మిల్లీమీటర్లకే సగానికి సగం ఎందుకు తగ్గిందన్నది నాకు నిద్ర పట్టనివ్వడం లేదయ్యా. పిల్లలకు లెక్కలు చెప్పానే గానీ స్ప్రింగు ఎప్పుడూ చేత్తో పట్టుకుని చూడలేదు. నా చేతులు ఒకటిన్నర. నీ చేతులు కావాలి."

కుర్చీ తోసి తోసి దినేశ్ చేతులు ఉక్కులా తయారయ్యాయి. అతను సన్న తీగను పెన్సిలుకు చుట్టి స్ప్రింగు చేశాడు. దానికి నీళ్ల సీసా కట్టి బాల్కనీ కమ్మీకి వేలాడదీశారు. రేఖ స్కేలు పట్టుకుంది. చుట్లు రెట్టింపు చేస్తే సాగడం కూడా రెట్టింపైంది. అది ముగ్గురూ అనుకున్నదే. తర్వాత అదే తీగను, అన్నే చుట్లు, పెన్సిలుకు రెండింతలున్న స్కెచ్ పెన్నుకు చుట్టారు. రెట్టింపు సాగుతుందని దినేశ్, నాలుగింతలని పెద్దాయన అన్నారు. సీసా దిగి దిగి నేలకు ఆనుకుంది. సగం నీళ్లు పారబోసి, మళ్లీ సగం పారబోసి చూశారు. తగ్గిన బరువుకు లెక్క కడితే ఎనిమిదింతలకు దగ్గరగా వచ్చింది.

విశ్వేశ్వరరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆయన సాగదీసిన చుట్టను వేళ్ల మధ్య నొక్కి వదులుతూ చాలాసేపు చూశారు. "స్ప్రింగు నొక్కితే తీగ వంగుతుందనుకుంటాం. కాదు. చూడండి, ఇక్కడ పట్టుకుని ఇటు లాగితే తీగ తన చుట్టూ తాను మెలి తిరుగుతోంది. తడిబట్ట పిండినట్టు. చుట్ట పెద్దదైతే బరువు దూరం నుంచి మెలిపెడుతుంది. అది ఒక రెండు. తీగ పొడుగు కూడా రెట్టింపు, పొడుగు తీగ తేలిగ్గా మెలి తిరుగుతుంది. అది ఇంకో రెండు. నాలుగే వచ్చాయి. మూడో రెండు కనపడటం లేదు."

రేఖ స్కేలు పక్కన పెట్టింది. టైరు నట్లు విప్పే పానా ఆమె మనసులో మెదిలింది. నట్టు బిగుసుకుంటే పానాకు పైపు తొడిగి తొక్కుతుంది తను.

"సార్, పానాకు పైపు తొడిగితే బలం తక్కువ పడతది. గని నట్టు గంతే తిరగాల్నంటే మన చేయి ఎక్కువ దూరం పోవాలె. గట్ల చుట్ట పెద్దదైతే, తీగ గంతే మెలి తిరిగినా కొన మాత్రం రెండింతలు దిగుతది గద?"

ఆయన రేఖ కేసి చూసి, చిన్నగా తల ఊపారు. "అదే. రెండు, రెండు, రెండు. ఎనిమిది." తర్వాత తీగ మందం లెక్క ఆయనే వేసుకున్నారు. గట్టిదనం మందానికి నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది, అంటే మందం రెట్టింపైతే మెలికకు పదహారింతలు ఎదురు తిరుగుతుంది. పన్నెండు పద్నాలుగైతే ఒకటికి ఒకటీ ముప్పాతిక పైనే. "అమ్మాయ్, నువ్వు ఆరోవంతు పెంచాననుకున్నావు. నిజంగా పెంచింది దాదాపు రెట్టింపు."

దినేశ్ నవ్వాడు. "గందుకే నా కాళ్లు డాన్సు చేసినయ్."

ఆ నవ్వుతో బిడియం పోయింది. లావు తీగతో ఒక స్ప్రింగు తానే చుడతానని పెద్దాయన పట్టుబట్టారు. దినేశ్ ఒక కొస పట్టుకుంటే ఆయన కుడిచేత్తో చుట్టారు. చెయ్యి అలసిపోయిన కొద్దీ చుట్లు దగ్గర దగ్గరగా పడ్డాయి. సగం ఎడంగా, సగం ఇరుగ్గా, వంకరగా ఉంది అది. సిగ్గుపడుతూ దాన్ని కుర్చీకి ముందు అమర్చిన పలక మీద నిలబెట్టి బొటనవేలితో నొక్కారు. నొక్కి, ఆగారు. మళ్లీ నొక్కారు.

"దినేశ్, నువ్వు నొక్కి చూడు."

దినేశ్ నొక్కాడు. "ముందల మెత్తగుంది సార్. మధ్యల గట్టిపడ్డది."

"ఇరుకు చుట్లు ఒకదానికొకటి తగిలిపోయాయి. తగిలాక అవి లేనట్టే. పని చేసే చుట్లు తగ్గాయి. చుట్లు తగ్గితే గట్టిపడుతుంది, అది మనం ఇందాకే చూశాం."

రేఖే ముందు అంది. "వీడెక్కితే అన్ని చుట్లు పని చెయ్యాలె. మీరెక్కితే కింది చుట్లు మూసుకోవాలె."

రాజేందర్‌కు ఆ వంకర స్ప్రింగు చూపిస్తే తిప్పి తిప్పి చూశాడు. ఇలాంటివి పెద్ద కంపెనీల బండ్లలో వస్తాయని అతనికి తెలుసు. అయితే అతని షెడ్డులో ఎప్పుడూ చేయలేదు. ఎన్ని చుట్లు ఇరుకు, ఎంత ఇరుకు అంటే అతని దగ్గర జవాబు లేదు. విశ్వేశ్వరరావు గారి దగ్గర లెక్క ఉంది, కానీ ఎర్రగా కాలిన రాడ్డు ఎంతవరకు మాట వింటుందో ఆయనకు తెలియదు. అందుకే ఆయన తానే బాలానగర్ వస్తానన్నారు. పాతవి పెట్టించడం వాయిదా వేసి, దినేశ్ ఎక్కినప్పుడు మెల్లగా నడుపుతూ రేఖ గట్టి స్ప్రింగులనే ఇంకా బండికి ఉంచింది కాబట్టి రసజ్ఞ అడ్డు చెప్పలేదు. పైగా సెలవు పెట్టి తనూ వచ్చింది.

సందు ఇరుకు కావడంతో కుర్చీ షెడ్డు గుమ్మం దగ్గరే ఆగింది. రాడ్డు కొలిమిలోంచి నారింజ రంగులో బయటికి వచ్చింది. రాజేందర్ దాన్ని లేతుకు పట్టించి కడ్డీ మీద చుట్టసాగాడు. మొదటిసారి ఇరుకు చుట్లు అతుక్కుపోయినంత దగ్గరయ్యాయి. అలాగైతే అవి మొదటి నుంచీ చచ్చినట్టేనని పెద్దాయన అన్నారు. రెండోసారి మరీ ఎడంగా పడ్డాయి. రాజేందర్ చెమట తుడుచుకుని, పన్నెండు మీద ఒక్క మిల్లీమీటరే మందం పెంచిన కొత్త రాడ్డు పెట్టి, మొత్తం చుట్లు ఎక్కువ చేసి, కింది మూడు చుట్లు మాత్రం వేలు దూరేంత సందుతో తిప్పాడు. దాన్ని నూనె తొట్టిలో ముంచితే పొగ గుమ్మం దాకా వచ్చింది. రసజ్ఞ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది గానీ తండ్రి కుర్చీని వెనక్కి తీయలేదు. ఆయన ముఖం కొలిమి వెలుగులో ఎర్రగా ఉంది.

"ఎన్నాళ్లయింది నాన్నా, మీరు ఇలా కళ్లార్పకుండా చూసి," అంది ఆమె మెల్లగా.

"ఏం చూడనిచ్చావు నువ్వు," అన్నారాయన. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నారు.

స్ప్రింగులు మళ్లీ సన్నసెగ మీద కాలి, చల్లారి, చేతికి వచ్చేసరికి మరికొన్ని రోజులు పట్టింది. బిగించాక రేఖ ముందు పెద్దాయన్ను ఎక్కించి చూసింది. వ్యాను మూడు వేళ్లు దిగింది. స్పీడ్ బ్రేకరు మీద కొంచెం ఊగింది, కింద మాత్రం తగల్లేదు. మునుపటి గట్టి స్ప్రింగులే ఇంకా నిలకడగా ఉండేవని ఆయనే చెప్పారు. చెబుతూనే, ఇది చాలన్నారు.

మర్నాడు పొద్దున దినేశ్ ఎక్కాడు. మియాపూర్ నుంచి బయల్దేరి కొండాపూర్ వచ్చేదాకా రేఖ అద్దంలోంచి చూస్తూనే ఉంది. కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కారు.

"ఎట్లుందిరా?"

"మంచిగుంది."

"నిజం చెప్పు. నాకోసం చెప్పకు, ఆయన కోసం చెప్పకు."

దినేశ్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఫ్లైఓవర్ పలకల అతుకుల మీద వ్యాను చిన్నగా దడదడలాడింది.

"గీ అతుకుల మీద ఇంకా కొడుతుందక్కా. ఎడమ కాలు జర ఎగిరింది. జర మెల్లగ పో."

రేఖ గేరు తగ్గించింది. వెనకున్న కారు హారను కొట్టింది. ఆమె చెయ్యి బయటికి చాపి, దాటి వెళ్లమని సైగ చేసింది.